హ్యూమిక్ ప్యాకెట్టా, దిబ్బ ఎరువా? నేలలో సీసం, కాడ్మియం భయం ఉంటే ఏది ఎంచుకోవాలి

నెల్లూరు ఊరి అంచున మా పిన్ని కొడుకు ఎకరంన్నర కౌలుకు తీసుకుని ఆకుకూరలు వేస్తాడు. తోటకూర, పాలకూర, చుక్కకూర, కొత్తిమీర. నీళ్లు సగం బోరువి, సగం పక్కనే పారే మురుగు కాలువవి. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, షాపాయన హ్యూమిక్ గుళికలు ఇస్తానంటున్నాడు. ఎకరాకు 4 కిలోలు చల్లితే కాలువ నీళ్లలో వచ్చే సీసం, అదీ ఇదీ అంతా మట్టిలోనే పట్టేసుకుంటుందంట, ఆకులోకి రాదంట. తీసుకునేదా?"

"తొందరపడబాక. సాయంత్రం వస్తా," అన్నాను.

నేను మట్టి పరీక్షల ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు కోవూరు దగ్గర మా నాన్న పొలం చూసుకుంటున్నాను. ఈ ప్రశ్న చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే పొగాకు రైతుకు చెప్పింది వరి రైతుకు పనికిరాదు. అందుకే ఎవరి పొలానికి ఏది మేలో విడివిడిగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లోహాల భయం ఉన్న నేలకు ప్యాకెట్ హ్యూమిక్ చివరగా చూడాల్సింది. నీళ్లు, పంట మార్పు, బాగా మాగిన దిబ్బ ఎరువు దానికంటే ముందు వస్తాయి.

ఆ సాయంత్రం తమ్ముడి బోరు షెడ్డులో రెండు గాజు గ్లాసులు పెట్టాం. ఒక దాంట్లో షాపు గుళికలు గుప్పెడు వేశాం. నీళ్లు వెంటనే నల్లబడ్డాయి. పది నిమిషాలాగి వేలుతో ఒక గుళికను నలిపితే లోపల బూడిద రంగు మట్టి. బెంటోనైట్ అనే జిగురు మట్టిని ఉండలు కట్టి, పైన హ్యూమిక్ పూత పూసి అమ్మేవి చాలా ఉన్నాయి, ఇవీ అవే. రెండో గ్లాసులో నేను తీసుకెళ్లిన పొటాషియం హ్యూమేట్ (హ్యూమిక్ ఆమ్లపు పొటాషియం లవణం) రేకులు చిటికెడు వేశాం. ఇవి మట్టి మిగల్చకుండా మొత్తం కరిగి, చిక్కటి డికాక్షన్‌లా అయ్యాయి. అందులో బాత్రూం కడిగే యాసిడ్ కొన్ని చుక్కలు వేశాను. పాలు విరిగినట్టు నల్లటి తరకలు విడిపోయి అడుక్కి చేరాయి. పైన పలచటి టీ నీళ్ల రంగు మిగిలింది.

అడుక్కి చేరింది హ్యూమిక్ ఆమ్లం. యాసిడ్‌లో కూడా కరిగే ఉండి, పైనీళ్లకు ఆ రంగునిచ్చింది ఫల్విక్ ఆమ్లం. ఈ రెండూ ఒకే కుటుంబం, ఆకు, పేడ లాంటివి కుళ్లగా మిగిలే నల్లటి హ్యూమస్‌లోవి. కానీ లోహాల విషయంలో రెంటి నడత వేరు, రైతు మోసపోయేది ఇక్కడే.

హ్యూమస్ కణం నిండా కార్బాక్సిల్, ఫినాల్ అనే రసాయన గుంపులుంటాయి. వాటి మీద ఋణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న సీసం, రాగి, కాడ్మియం వాటికి అతుక్కుంటాయి. పెద్ద కణాలు బంకమట్టికి అంటుకుని కదలకుండా ఉంటాయి, పట్టుకున్న లోహాన్నీ కదలనివ్వవు. ఫల్విక్ లాంటి చిన్న కణాలు మట్టి తేమలో కరిగి తిరుగుతుంటాయి. అవి కూడా లోహాన్ని పట్టుకుంటాయి, కానీ పట్టుకుని వేరు దాకా మోసుకుపోగలవు. గుంజ నేలలో గట్టిగా దిగితే ఎద్దు కదలదు. గుంజే ఊడితే ఎద్దు దాన్నీ ఈడ్చుకుని పక్క చేలో పడుతుంది. జింకు, ఇనుము అందని మొక్కకు ఫల్విక్ మేలు చేసేది ఈ మోసే గుణం వల్లే. కాడ్మియం ఉన్న నేలలో అదే గుణం కీడు. అందుకని లోహాల భయం ఉన్న చోట డ్రిప్‌లో ఫల్విక్ వదలవద్దని గట్టిగా చెబుతాను. ఆకు మీద కొట్టే హ్యూమిక్ స్ప్రేకి నేలలో ఉన్న లోహంతో సంబంధమే లేదు.

లోహాలన్నీ కూడా ఒక రకం కాదు. సీసం, రాగి, పాదరసం హ్యూమస్‌కు గట్టిగా కట్టుబడతాయి. కాడ్మియం, నికెల్ పట్టు వదులు, నేల కాస్త ఆమ్లమైనా, ఉప్పెక్కినా జారిపోతాయి. క్రోమియంలో ప్రమాదకరమైన ఆరో రూపాన్ని హ్యూమస్ అంతగా కదలని మూడో రూపంలోకి మారుస్తుంది, అది నిజంగా మేలు. ఆర్సెనిక్ మాత్రం పూర్తిగా ఎదురు తిరుగుతుంది. అది నేలలో ఋణావేశంతో, ఇనుప తుప్పు లాంటి పదార్థానికి అంటుకుని ఉంటుంది. హ్యూమిక్ వచ్చి ఆ తుప్పు మీద చోటు ఆక్రమిస్తే ఆర్సెనిక్ ఊడి నీళ్లలోకి వస్తుంది. అంటే "విషాలన్నిటినీ కట్టేస్తుంది" అనే మాటలో "అన్నిటినీ" అన్నదే తప్పు.

ఇంకో తప్పు మోతాదులో ఉంది. ఇది తమ్ముడి ఎదురుగా సెల్‌ఫోన్ క్యాలిక్యులేటర్‌లో లెక్కగట్టాను. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. పైన 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 9 లక్షల కిలోలు. అందులో 4 కిలోల హ్యూమిక్ కలిస్తే, గుళికలో మట్టి లేకుండా అంతా హ్యూమిక్కే అనుకున్నా, కిలో మట్టికి సుమారు 4 మిల్లీగ్రాములు పడుతుంది. హ్యూమిక్ వేస్తే మొక్కలో సీసం తగ్గిందని చెప్పే కుండీ ప్రయోగాల్లో చాలావాటిలో కిలో మట్టికి గ్రాముల లెక్కన వేస్తారు. గ్రాము చొప్పున వేయాలన్నా ఎకరాకు 900 కిలోలు కావాలి. పైగా సేంద్రియ కర్బనం అర శాతమే ఉన్న మన పేద నేలలో కూడా ఏడెనిమిది టన్నుల సేంద్రియ పదార్థం అప్పటికే ఉంటుంది. దాని పక్కన 4 కిలోలు ఎంత?

"అయితే అది అసలు పనికిరాదా అన్నా?" అన్నాడు.

పనికొస్తుంది, వేరే పనికి. వేరు బాగా పెరగడానికి, వేసిన ఎరువు అందడానికి హ్యూమిక్ తోడ్పడుతుంది. 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్ల వర్గం చేర్చింది. హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు అందులోకే వస్తాయి. బయోస్టిమ్యులెంట్ అంటే మొక్క ఎదుగుదలకు ఊతం, విషం విరుగుడు కాదు. కొనాలనుకుంటే లేబుల్ మీద హ్యూమిక్ శాతం చూసి, గ్లాసు పరీక్ష చేసి కొనండి. ప్రకాశం వైపు బోర్లలో నీళ్ల కఠినత్వం ఎక్కువ. ఆ నీళ్లలో సున్నానికి హ్యూమేట్ కూడా విరిగి తరకలు కట్టి డ్రిప్పు రంధ్రాలు మూసుకుపోతాయి. ముందు బకెట్‌లో కలిపి చూడాలి.

మరి టన్నుల్లో వేయగలిగేవి ఏమున్నాయి? మన దగ్గర అన్నిటికంటే ముందు దిబ్బ ఎరువే. ఎకరాకు 4 నుంచి 5 టన్నులు, బాగా మాగింది. మాగడం అనే మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చి పేడ కుళ్లేటప్పుడు కరిగే చిన్న కణాలు ఎక్కువగా వస్తాయి, అవి ఫల్విక్ లాగే లోహాన్ని మోస్తాయి. నాలుగైదు నెలలు దిబ్బలో మాగి, వేడి చల్లారి, వాసన పోయి, చేత్తో పిసికితే నల్లగా పొడిపొడిగా రాలే ఎరువులో కదలని హ్యూమస్ ఎక్కువ. మన నెల్లూరు గొర్రెల మందను పొలంలో రాత్రిళ్లు కట్టించుకోవడం కూడా మంచిదే, కానీ పంటకు బాగా ముందు, ఎండాకాలంలో చేయాలి.

వర్మీకంపోస్టు దిబ్బ ఎరువు కంటే శుభ్రం, మాగుడు ఎక్కువ. టన్నుల్లో కొనాలంటే మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది. నారుమడికి, కూరగాయల మళ్లకు సరే.

బొగ్గు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చేతికందే వస్తువు. సర్కారు తుమ్మ ఎక్కడ చూసినా ఉంది, సుబాబుల్ కొమ్మలు, మిరప కట్టె, పత్తి కట్టె కాల్చి పారేస్తున్నాం. వాటిని గాలి తగలకుండా కాల్చిన బొగ్గే బయోచార్. మన ఎండలకు దిబ్బ ఎరువు రెండు మూడేళ్లలో హరించుకుపోతుంది. అది పట్టుకున్న లోహం ఎక్కడికీ పోదు, నేలలోనే ఉండి మళ్లీ ఊడుతుంది. అందుకే ఎరువును ఏటా వేస్తూనే ఉండాలి. బొగ్గు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది, కాడ్మియం, సీసాలను పట్టుకుంటుంది, నేల ఉదజని సూచికను (పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత) కాస్త పెంచుతుంది. ఇసుక నేలకు, ఎర్ర నేలకు ఇది వరం. ఇప్పటికే సూచిక 8 దాటిన నల్లరేగడిలో ఆ లాభం తక్కువ. పొడి చేసి, దిబ్బలో వేసి, ఎరువుతో కలిపి మాగనిచ్చి వేయడం నాకు నచ్చిన పద్ధతి. ఆర్సెనిక్ ఉన్న వరి మడిలో మాత్రం బొగ్గు వద్దు.

ఊరకే దొరికింది కదా అని తోలుకునే వాటితో జాగ్రత్త. కోళ్ల ఎరువులో మేత ద్వారా వచ్చిన రాగి, జింకు ఉంటాయి. ఊరి మురుగు చేరే చెరువు పూడిక మట్టి, పట్నం చెత్తతో చేసిన కంపోస్టు పరీక్ష లేకుండా పొలంలోకి రానివ్వకూడదు. కంపోస్టులో కిలోకి కాడ్మియం 5, సీసం 100, ఆర్సెనిక్ 10 మిల్లీగ్రాములకు మించకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. సరిగ్గా ఆ హద్దులో ఉన్న కంపోస్టు ఎకరాకు 5 టన్నులు వేసినా 25 గ్రాముల కాడ్మియం మనమే నేలలో పోసినట్టు. ఒక్కసారికి ఫర్వాలేదు, ఏటా రెండు పంటలకూ వేస్తే అది పేరుకుంటుంది.

ఇక వరి. ఇక్కడ ఎరువు కంటే నీళ్లు పెద్ద విషయం. మడిలో నీళ్లు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి గట్టిపడి వేరుకు అందదు. మడి ఆరితే అది మళ్లీ విడిపోతుంది. ఆర్సెనిక్ దీనికి తలకిందులు. నీళ్లు నిలిస్తే ఇనుప తుప్పు కరిగి ఆర్సెనిక్ బయటపడుతుంది, మడి ఆరితే అణుగుతుంది. కాబట్టి ఏ లోహమో తెలియకుండా వరి రైతుకు సలహా ఇవ్వకూడదు. జపాన్‌లో జింజు నది కింద పండిన బియ్యంలోని కాడ్మియం వల్ల ఎముకలు విరిగిపోయే ఇటాయ్ ఇటాయ్ జబ్బు వచ్చింది, అక్కడి ప్రభుత్వం 1968లో కారణాన్ని ఒప్పుకుంది. ఇప్పుడు అక్కడ అలాంటి మళ్లలో వెన్ను తీసే ముందు 3 వారాలు, తీశాక 3 వారాలు నీళ్లు నిలపమంటారు. మన ఎడగారు వరి కారులో వంతుల మీద నీళ్లు వచ్చి సరిగ్గా పాలుపోసుకునే వేళ మడి నెర్రెలిచ్చేది ఎన్నిసార్లు చూశాం! కాడ్మియం ఉన్న నేలలో ఆ నెర్రె దిగుబడికే కాదు, గింజ శుద్ధికీ చేటు. అలాంటి మడికి నా ఎంపిక ఇది: ఆఖరి దుక్కిలో మాగిన ఎరువు, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు, వెన్ను దశలో నీళ్లు. వేరులోకి వెళ్లే దారిలో జింకు కాడ్మియంతో పోటీ పడుతుంది, పైగా మన వరి నేలలకు జింకు ఎలాగూ కావాలి.

పరీక్షలో ఆర్సెనిక్ తేలితే మాత్రం జీలుగ, జనుము కలియదున్ని వెంటనే నీళ్లు పెట్టవద్దు. పచ్చిరొట్ట కుళ్లుతూ నేలలో గాలి పూర్తిగా లాగేసి ఆర్సెనిక్‌ను ఇంకా వదిలిస్తుంది. పచ్చిరొట్ట అంటే నాకు ఎంత ఇష్టమో మా ఊళ్లో అందరికీ తెలుసు, అయినా ఈ ఒక్క చోట వద్దంటాను. ఆరుతడి పద్ధతిలో నీళ్లు పెట్టి, రైసుమిల్లుల దగ్గర దొరికే ఊక బూడిద వేయడం మేలు. అందులోని సిలికా, ఆర్సెనిక్ రెండూ వేరులోకి ఒకే దారిన పోతాయి. సిలికా ఎక్కువగా ఉంటే ఆర్సెనిక్‌కు చోటు తగ్గుతుంది. హ్యూమిక్ ఇక్కడ ఏ రూపంలోనూ వద్దు.

కొండపి దగ్గర మా బావ పొగాకు వేస్తాడు. పొగాకు మొక్క కాడ్మియాన్ని లాగి ఆకులో దాచుకునే రకం, పొగ తాగేవాళ్ల ఒంట్లోకి కాడ్మియం చేరే పెద్ద దారి అదే. బావకు నేను కొత్తగా చెప్పింది ఒక్కటే. ఆకు సరిగా మండదని ఎప్పటినుంచో పొగాకు రైతు క్లోరైడ్‌ను దూరం పెడతాడు, మ్యూరేట్ పొటాష్ బదులు సల్ఫేట్ పొటాష్ వేస్తాడు. ఆ జాగ్రత్తే కాడ్మియానికీ మందు. క్లోరైడ్ కాడ్మియంతో కలిసి దాన్ని మట్టి పట్టు నుంచి ఊడబెరుకుతుంది. సముద్రం వైపు ఉప్పు బోర్ల కింద, రొయ్యల గుంటల నీళ్లు ఊరే చేలల్లో ఎంత హ్యూమస్ వేసినా కాడ్మియం జారుతూనే ఉంటుంది. అక్కడ ముందు మార్చాల్సింది నీళ్లు. ఫాస్ఫేటు ఎరువుల్లో రాతి నుంచి వచ్చిన కాడ్మియం కొద్దిగా ఉంటుంది, కాబట్టి మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ తగ్గించండి. ఖర్చూ కలిసొస్తుంది. తీరం ఇసుక నేలల్లో వేరుశనగ వేసేవాళ్లకూ ఇవే మాటలు వర్తిస్తాయి. వేరుశనగ గింజ కాడ్మియాన్ని పట్టుకునే రకమే, ఇసుకకు దాన్ని ఆపే శక్తి లేదు. అక్కడ దిబ్బ ఎరువు, బొగ్గు రెండూ వేయమంటాను.

ప్యాకెట్ హ్యూమిక్‌కు నేను సరే అనే చోటు ఒకటుంది, నిమ్మ తోట. పొదలకూరు, రాపూరు వైపు గజ్జి తెగులుకు ఏళ్లుగా బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందులు కొడుతున్నారు. ఆ రాగి ఆకు మీంచి కారి పాదులోనే చేరుతుంది, పీచు వేళ్లను దెబ్బ తీస్తుంది. రాగిని హ్యూమిక్ గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఇక్కడ ఎకరా అంతా చల్లం, పాదులోనే పోస్తాం. మీటరు వ్యాసార్థం ఉన్న పాదులో 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 700 కిలోలు. చెట్టుకు 50 గ్రాముల హ్యూమేట్ పోస్తే కిలో మట్టికి 70 మిల్లీగ్రాములు పడుతుంది, పొలమంతా చల్లిన దానికి పదిహేను రెట్లు పైనే. అయినా రెంటికీ డబ్బుల్లేక ఒకటే ఎంచుకోవాల్సి వస్తే చెట్టుకు తట్టెడు మాగిన ఎరువే వేయండి.

ఇవన్నీ చేసే ముందు పరీక్ష ఎలాగన్నది ముఖ్యం. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి, అందులో కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ ఉండవు. కార్డు బాగుందని ధీమా పడొద్దు. జింకు, ఇనుము చూడటానికి ల్యాబ్ వాళ్లు తీసే డీటీపీఏ ద్రావణంలోనే కాడ్మియం, సీసం కూడా చూడమని విడిగా అడగాలి. ఆర్సెనిక్‌కు వేరే పద్ధతి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం, నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే ఏ ల్యాబ్‌కు పంపాలో చెబుతారు. తుప్పు పారతో మట్టి తీయకండి, గాల్వనైజ్డ్ బకెట్‌లో వేయకండి. చెక్క పుల్ల, ప్లాస్టిక్ తట్ట వాడండి.

తమ్ముడి చేత మట్టితో పాటు ఆకు కూడా పంపించాను. పాలకూర ఒకే మడిలోంచి కోసి రెండు వాటాలు చేశాం. ఒక వాటా మూడు నీళ్లలో కడిగి ఆరబెట్టాం, రెండోది కడగకుండా అలాగే ఆరబెట్టాం. రెండింటినీ వేర్వేరు కాగితం కవర్లలో పెట్టి పైన పేర్లు రాశాడు. రిపోర్టు వచ్చాక చూస్తే కడిగిన ఆకులో సీసం బాగా తగ్గింది. అంటే అది చాలావరకు రోడ్డు దుమ్ము, బురద చిందులు. కాడ్మియం మాత్రం రెండు కవర్లలోనూ దాదాపు ఒకేలా ఉంది. అది వేరులోంచి వచ్చింది, ఎంత కడిగినా పోదు.

ఇప్పుడు కాలువ నీళ్లు పారే వైపు తోటకూర, పాలకూర తీసేసి బెండ, బీర వేశాడు. ఆకులో చేరినంత కాడ్మియం కాయలో చేరదు. ఆకుకూరలు బోరు నీళ్ల వైపు నాలుగు మళ్లకు కుదించాడు. గుళికలు వద్దనుకుని ఆ డబ్బుతో పక్క ఊరి బర్రెల దొడ్డి నుంచి రెండు ట్రాక్టర్ల పాత ఎరువు తోలించుకున్నాడు. పోల్చి చూడటానికి ఒక మడికి మాత్రం ఎరువు వేయకుండా వదిలేయమన్నాను. సంక్రాంతి కోతకు ఎరువు వేసిన మడి, వేయని మడి రెండింటి ఆకూ మళ్లీ కోసి, కడిగి, కవర్లలో పెట్టి పంపాలి.